ముందు వచ్చిన అతిథి

నగరాల చరిత్రను రాయబూనినవారు సాధారణంగా కోటలతో ప్రారంభిస్తారు. ఢిల్లీ విషయంలో ఈ పద్ధతి మరింత సహజంగా తోస్తుంది. లాల్‌కోట, సిరి, తుగ్లకాబాదు, జహాపనా, ఫిరోజాబాదు, పురానా ఖిలా, షాజహానాబాదు - ఒక్కొక్క కోట ఒక్కొక్క రాజవంశాన్నీ, ఒక్కొక్క యుగాన్నీ స్ఫురింపజేస్తుంది. అయితే కోట నగరాన్ని ఏలేవాని నివాసం. నగరానికి వచ్చేవాని సంగతి వేరు. అతడు దూరదేశం నుంచి అలసి, పొద్దు వాలే వేళకు ఊరు చేరుకొంటాడు. అతనికి కావలసినది సింహాసనం కాదు. తల దాచుకొనడానికి ఒక చూరు, కాళ్ళు కడుగుకొనడానికి చెంబెడు నీళ్ళు, నిశ్చింతగా నిద్రపోవడానికి గడియ వేసిన ఒక తలుపు. ఆ తలుపును ఎవరు తెరిచినారు? తెరిచేముందు ఏమని ప్రశ్నించినారు? ఎన్నాళ్ళు ఉండనిచ్చినారు? ఈ మూడు ప్రశ్నలకు ఆయా కాలాలు ఇచ్చిన సమాధానాలను కూర్చి చూచినట్లయితే, కోటల చరిత్రకంటె భిన్నమైన ఢిల్లీ చరిత్ర ఒకటి మన ముందు నిలుస్తుంది.

అతిథి అన్న మాటలోనే కాలపరిమితి ఇమిడి ఉన్నది. ఒక్క రాత్రి నిలిచేవాడే అతిథి అనీ, అతని ఉనికి నిత్యం కానందువల్లనే ఆ పేరు వచ్చినదనీ మనుస్మృతి నిర్వచించినది. ఇస్లాం సంప్రదాయం అతిథికి మూడు దినాల హక్కు ఇచ్చినది. ఆపైన పెట్టేది దానమవుతుంది. ఒక రాత్రి, మూడు దినాలు - ఈ రెండు గడువుల నడుమనే ఉత్తర హిందూస్థానపు బాటసారి జీవితం శతాబ్దాల పాటు సాగినది. తెలుగువారికి సత్రం, చావడి, విడిది, బస అన్న మాటలు ఉన్నవి. ఫారసీలో ఇల్లు, భవనం అన్న అర్థం గల సరాయి అన్న మాట మనకు అంతగా అలవాటు కాలేదు. దానిని సారాయి అని పొరబడే ప్రమాదం కూడ లేకపోలేదు! అయినప్పటికీ గోలకొండ సమీపాన షేక్‌పేట సరాయిని గాని, హైదరాబాదులో నాంపల్లి స్టేషను దగ్గరి సరాయిని గాని చూచినవారికి ఆ కట్టడపు స్వరూపం కొత్తది కాదు.

నేటి ఢిల్లీ పటాన్ని విప్పి చూడండి. యూసఫ్ సరాయి, లాడో సరాయి, బేర్ సరాయి, జియా సరాయి, కాలూ సరాయి, కటవారియా సరాయి, నేబ్ సరాయి, సరాయి జులేనా, సరాయి రోహిల్లా, సరాయి కాలేఖాన్ - ఇట్లా ఎన్నో పేర్లు కనబడుతవి. ఫరీదాబాదు వైపు వెళ్ళే మెట్రో రైలు ఆగే ఒక స్టేషనుకు సరాయి అనే పేరు. వీటిలో పెక్కింటిలో పాత కట్టడం జాడ కూడ మిగలలేదు. గోడలు పోయినవి, బావులు పూడినవి, పేరు మాత్రం నిలిచినది. హైదరాబాదు నుంచి దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళే తెలుగువాడు హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనులో దిగుతాడు. ఆ స్టేషనుకు తూర్పు పక్కన ఉన్నది సరాయి కాలేఖాన్. తనకు తెలియకుండానే అతడు ఒక సరాయి ముంగిట దిగుతున్నాడన్నమాట. పడమటి పక్కన నిజాముద్దీన్ కాలనీలు, వాటికి ఆవల హుమాయూను సమాధి, ఔలియా దర్గా ఉన్నవి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ పరిసరాలనే అంటిపెట్టుకొని ఉంటుంది. ఢిల్లీకి ఆతిథ్యం నేర్పినవారిలో ముఖ్యులైన పలువురు అక్కడనే, ఒక మైలు పరిధిలో, శాశ్వతంగా విశ్రమించినారు.

వారిలో మొదటివాడు హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా. ఆయన ఢిల్లీవాడు కాడు, బదాయూఁలో జన్మించినాడు. యౌవనంలో తల్లినీ, సోదరినీ వెంటబెట్టుకొని నగరానికి వచ్చినాడు. సొంత ఇల్లు లేనందున ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మారవలసి వచ్చినదనీ, ఒకసారి ఇంటివారు తిరిగి వచ్చి ఖాళీ చేయమనగా తన గ్రంథాలను మోయించుకొని ఒక మసీదులో తల దాచుకొన్నాడనీ 'సియరుల్ ఔలియా' అనే పారశీక గ్రంథం తెలుపుతున్నది. కడకు యమునాతీరాన గియాస్‌పూర్ అనే పల్లెలో ఆయన స్థిరపడినాడు. అక్కడి ఖాన్‌ఖాలో వచ్చినవారికెల్ల అన్నం పెట్టే ఏర్పాటు నడిచినది. 1325లో ఆయన పరమపదించిన తరువాత ఆ పల్లెకు ఆయన పేరే స్థిరమైనది. ఇల్లు వదలిపొమ్మనిపించుకొన్న అద్దెవాని పేరనే ఆ ప్రాంతమంతా నేడు వ్యవహరింపబడుతున్నది. ఈ విషయాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకోవలెనని కోరుతున్నాను. ఈ ఘట్టం ఢిల్లీ చరిత్రలో పలుమారులు పునరావృత్తమైనది.

ఔలియా మరణించిన తొమ్మిది సంవత్సరాలకు, 1334లో, మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఢిల్లీ చేరినాడు. అప్పుడు రాజ్యం ఏలుతున్నవాడు మహమ్మద్ బిన్ తుగ్లక్. విదేశీయులకు ఇంత ఆదరం చూపిన సుల్తాను మరొకడు లేడని యాత్రికుడు మెచ్చుకొన్నాడు. అయితే ఆ ఆదరానికి ముందు జరిగే తతంగాన్ని కూడ అతడు దాచలేదు. సింధు సరిహద్దు దాటిన ప్రతి పరదేశిని గురించి వార్తాహరులు సుల్తానుకు రాసి పంపేవారు: మనిషి ఆకారం ఎట్లా ఉన్నది, వస్త్రాలు ఎట్టివి, వెంట ఎందరు సేవకులు, ఎన్ని పశువులు, నడవడి ఎట్టిది. ఆపైన, ఈ దేశంలో నిలిచిపోవడానికే వచ్చినానని ముల్తానులో అతడు రాసి ఇవ్వవలసి వచ్చేది. అతిథిని గుర్తించడమూ, అతనిపై కన్ను వేసి ఉంచడమూ ఢిల్లీలో జంటగా పుట్టినవి. రాజసత్కారాన్ని పొందిన ఇబ్న్ బతూతా కాజీ పదవిని చేపట్టినాడు, అప్పులపాలైనాడు, సుల్తాను ఆగ్రహాన్ని కూడ చవిచూచినాడు. రాజు ఇంటి ఆతిథ్యానికి గడువు లేదు; గడువు లేని ఆతిథ్యం నుంచి బయటపడడం కూడ సులభం కాదు.

ఇదే కాలంలో ఢిల్లీకి మరొక పరదేశి వచ్చినాడు. అతడు కోరి రాలేదు. 1323లో ఓరుగల్లు కోట పడిపోయినప్పుడు కాకతీయ ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తరలించినారు. మార్గమధ్యంలో, నర్మదాతీరాన, ఆయన మరణించినట్లు ముసునూరి వారి విలసతామ్రశాసనం వల్ల తెలుస్తున్నది. ప్రభువు చేరలేకపోయిన నగరానికి ఆయన కొలువులోని నాయకుడొకడు చేరినాడు. చరిత్రకారులు అతనిని గన్నమనాయకునిగా గుర్తిస్తున్నారు. మతం మారి మక్బూల్ అనే పేరు పొంది, ముల్తానులో అధికారం నెరపి, ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఖాన్-ఇ-జహాన్ అనే బిరుదుతో ప్రధానమంత్రి అయినాడు. అతనికి చదవడం, రాయడం రావనీ, అయినప్పటికీ మహా బుద్ధిశాలి అనీ సమకాలిక చరిత్రలో షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాసినాడు. సుల్తాను సింధు దండయాత్రలో దారి తప్పి, నెలల తరబడి వార్త తెలియకుండా పోయినప్పుడు రాజధానిని చెక్కుచెదరకుండా కాపాడినవాడు ఈ తెలంగాణీయుడే. ఫారసీ గ్రంథాలు అతనిని మక్బూల్ తిలంగానీ అనే పిలిచినవి. ఎంత పదవి వచ్చినా, పరదేశి అన్న గుర్తు పేరు చివర నిలిచియే ఉన్నది.

మక్బూల్ మంత్రిత్వం నెరపిన ఆ ఫిరోజ్ షా కాలంలోనే ఢిల్లీ ఆతిథ్యానికి ఒక లెక్క ఏర్పడినది. ఢిల్లీలోనూ, 1354లో నిర్మాణం ప్రారంభమైన ఫిరోజాబాదులోనూ కలిపి సుల్తాను 120 ఖాన్‌ఖాలు కట్టించినాడని అఫీఫ్ చెబుతున్నాడు. బాటసారికి ఒక్కొక్క చోట మూడు దినాల ఆతిథ్యం. ఆ విధంగా 120 చోట్ల తిరిగినవాడు 360 దినాలు, అనగా ఏడాది పొడుగునా, అతిథిగానే ఉండవచ్చును! ఈ లెక్కలో అతిశయోక్తి ఎంత పాలు ఉన్నదో చెప్పడం కష్టం. కాని లెక్క వెనుక గల భావన గమనింపదగినది. గడువును ఉల్లంఘించకుండానే బాటసారికి నగరంలో ఏడాదిపాటు చోటు చూపిన ఏర్పాటు అది. తెలుగునాట ఇట్టి భావన కొత్తది కాదు. 1261 నాటి మల్కాపురం శాసనంలో, రుద్రమదేవి కాలపు గోళకీమఠానికి అనుబంధంగా, ప్రసూతిశాల, ఆరోగ్యశాలలతోపాటు బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు అందరికీ అన్నం పెట్టే సత్రం పేర్కొనబడినది. ఆ రాజ్యంలో పెరిగినవాడే ఢిల్లీలో మంత్రి అయినాడు. ఒకదాని ప్రభావం మరొకదానిపై పడినదని నేను వాదించడం లేదు. రెండు దేశాలలోనూ ఆకలిగొన్న అపరిచితుడు రాజధర్మానికి ఒక పరీక్షగా నిలిచినాడని మాత్రమే చెబుతున్నాను. మక్బూల్ సమాధి నిజాముద్దీన్ బస్తీ ఇండ్ల నడుమ ఇరుక్కొని ఉన్నది. అష్టకోణాకారంలో కట్టిన గోరీలలో ఢిల్లీలో తొలివాటిగా శిల్పచరిత్ర గ్రంథాలు దానిని పేర్కొంటవి. దర్గాకు వెళ్ళే తెలుగు యాత్రికులలో దానిని వెదకి చూచేవారు అరుదు.

పదహారవ శతాబ్దంలో ఆతిథ్యం ఖాన్‌ఖాను దాటి రాజమార్గం మీదికి వచ్చినది. 1540 మొదలు 1545 వరకు ఏలిన షేర్ షా సింధు నుంచి బెంగాలులోని సోనార్‌గావ్ వరకు బాట వేయించి, ప్రతి రెండు క్రోశాలకు ఒక సరాయి నిర్మించినాడు. అక్బరు కాలపు చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ వాటి సంఖ్య 1700 అన్నాడు. ఒక్కొక్క సరాయిలో హిందువులకు వేరుగా, ముస్లిములకు వేరుగా వసతి. వాకిట నీటి కుండలు. హిందువులకు వేడినీళ్ళు, చన్నీళ్ళు, పడక, భోజనం సమకూర్చడానికి బ్రాహ్మణులు. నడుమ ఒక బావి, ఒక మసీదు. వార్త మోయడానికి సిద్ధంగా రెండు గుర్రాలు. ఖర్చులకై పరిసర గ్రామాల భూమి కేటాయించబడినది. బాటసారి సుఖమూ, ప్రభుత్వపు వార్తాసౌకర్యమూ ఒకే కప్పు కింద నడిచినవి. దూరాన్ని తెలిపే క్రోశస్తంభాలను, అనగా కోస్ మీనార్లను, మొగలాయీలు ఆ బాటల వెంబడి నిలిపినారు. వాటిలో ఒకటి నేడు ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో జింకల నడుమ నిలిచి ఉన్నది. అది కొలిచిన దారిని వెదకేవారు లేరు.

హుమాయూను సమాధికి నైరుతి దిశన ఎత్తయిన తోరణద్వారంతో ఉన్నది అరబ్ సరాయి. 1560 ప్రాంతంలో హుమాయూను భార్య దీనిని కట్టించినదని ప్రతీతి. మక్కా యాత్ర నుంచి తిరిగి వస్తూ ఆమె వెంట తెచ్చిన 300 మంది అరబ్బుల కోసం అని కొందరు. సమాధిని నిర్మించడానికి వచ్చిన పారశీక శిల్పుల కోసం అని మరికొందరు. ఏది నిజమైనా ఒక సంగతి స్పష్టం: ఢిల్లీకి అలంకారమైన ఆ మహాభవనపు నీడన, పరదేశులు తల దాచుకొన్న వసతిగృహం నిలిచినది. 1993లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందిన ఆ సమాధిని చూడవచ్చినవారు సరాయి ద్వారం వద్ద ఒక్క నిమిషం ఆగి వెళ్ళడం ఉచితం.

సరాయిలలో తలమానికమైనది చాందినీ చౌకులో షాజహాను కుమార్తె జహానారా బేగం కట్టించినది. చౌకునూ, సరాయినీ ఆమె 1650 ప్రాంతంలోనే నిర్మింపజేసినది. 1663లో ఢిల్లీ నుంచి రాసిన లేఖలో ఫ్రెంచి వైద్యుడు బెర్నియే దీనిని వర్ణించినాడు. చదరపు ప్రాంగణం చుట్టూ కమానులు, వాటి వెనుక గదులు, పైన మరొక అంతస్తు. పారశీక, ఉజ్బెకు మొదలైన సంపన్న వర్తకులు అక్కడ దిగుతారు. రాత్రివేళ ద్వారం మూసివేస్తారు గనుక వారికి భయం లేదు. పారిస్ నగరంలో ఇట్టి సరాయిలు ఇరవై ఉన్నట్లయితే కొత్తగా వచ్చేవారికి గౌరవప్రదమైన బస దొరకడం ఇంత కష్టం కాదు గదా అని అతడు విచారించినాడు. అదే బెర్నియే మరొకచోట దారిపక్క సామాన్య సరాయిలను గురించి రాసిన దానిని కూడ చదవవలెను. అవి పెద్ద కొట్టాల వంటివనీ, వందలాది మనుషులు గుర్రాలతో, కంచరగాడిదలతో, ఒంటెలతో కలిసి పడి ఉంటారనీ, వేసవిలో ఉక్కతో ఊపిరాడదనీ, చలికాలంలో అన్ని పశువుల ఊపిరి వల్లనే మనుషులు చలికి చావకుండా బ్రతుకుతారనీ అతడు వర్ణించినాడు. వర్తకునికి బేగం సరాయి. పేదవానికి ఒంటె ఊపిరి. సరాయి అన్న పేరు ఒక్కటే అయినా, దానిలో దొరికే నిద్ర ఒక్కటి కాదు.

జహానారా 1681లో మరణించినది. ఆమె కూడ నిజాముద్దీన్ దర్గా ప్రాంగణంలోనే, కప్పు లేని సమాధిలో, గడ్డి మొలిచిన మట్టి కింద ఉన్నది. వేలాది పరదేశులకు కప్పు ఇచ్చిన రాకుమారి తన కోసం ఆకాశాన్నే ఎంచుకొన్నది.

ఆమె సరాయి రెండు వందల ఏండ్లు నిలిచి, 1857 తరువాత కూలినది. ఆ సెప్టెంబరులో ఆంగ్ల సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకొన్నప్పుడు నివాసులను గోడల వెలుపలికి తరిమివేసినారు. మొదట హిందువులను, చాలాకాలం తరువాత ముస్లిములను తిరిగి రానిచ్చినారు. నగరంలో ఉండడానికి అనుమతి చీటీ, నాటి మాటలో టికెట్టు, కావలసి వచ్చినది. తరతరాలుగా ఉన్నవాడు తన ఇంట తాను ఉండడానికే చీటీ చూపవలసిన పరదేశి అయినాడు. మీర్జా గాలిబ్ లేఖలలో ఈ టికెట్ల ప్రస్తావన ఉన్నది. జీవితమంతా అద్దె ఇండ్లలోనే గడిపిన ఆ కవి, తాను ఉన్న వీధికి పాటియాలా మహారాజు సైనికుల కాపలా ఉన్నందున నగరంలోనే మిగిలిపోగలిగినాడు. 1869లో మరణించిన గాలిబ్ సమాధి కూడ నిజాముద్దీన్‌లోనే ఉన్నది. ఇల్లు వదలవలసి వచ్చిన ఔలియా, సొంత ఇల్లు లేని గాలిబ్, సరాయి కట్టిన జహానారా, బందీగా వచ్చి మంత్రి అయిన మక్బూల్ - ఈ నలుగురూ నేడు ఇరుగుపొరుగువారు.

కూలిన బేగం సరాయి స్థలంలో 1860ల దశాబ్దంలో పురభవనం, అనగా టౌన్ హాలు, లేచినది. అతిథి కూర్చున్న చోట పన్నులు విధించే సభ కూర్చున్నదని చెప్పవచ్చును. 1867లో రైలు యమునను దాటి ఢిల్లీలో ప్రవేశించినది. అదే సంవత్సరం ప్రభుత్వం సరాయిల చట్టాన్ని చేసినది. ఆ చట్టం చదవదగినది. సరాయిని జిల్లా అధికారి వద్ద నమోదు చేయించవలెను, శుభ్రంగా ఉంచవలెను, దొంగలు లోపలికి దిగడానికి గాని, బయటికి పోవడానికి గాని వీలిచ్చే చెట్లను, కొమ్మలను నరికివేయవలెను, కావలివాండ్రను పెట్టవలెను, రుసుముల పట్టికను కనబడేచోట వ్రేలాడదీయవలెను, అధికారి కోరినప్పుడు, గడచిన పగలు గాని రాత్రి గాని వచ్చినవారి వివరాలను పంపవలెను. ఇబ్న్ బతూతా నాటి వార్తాహరుడు ఐదు వందల సంవత్సరాల తరువాత సరాయి యజమాని వేషంలో తిరిగి వచ్చినాడు. కొమ్మలు నరకమన్న చట్టం బాటసారికి నీడ ఇవ్వమని ఎక్కడా చెప్పలేదు.

రైలుతో హోటలు వచ్చినది. సివిల్ లైన్సులో మెయిడెన్స్ హోటలు 1903లో, దర్బారు జరిగిన ఏడాదిలోనే, వెలసినది. ధర్మశాలలు యాత్రికులకు, వర్తకులకు, ఆయా కులాలవారికి, మతాలవారికి వేరువేరుగా ఏర్పడినవి. స్వాతంత్ర్యానంతరం 1956లో యునెస్కో మహాసభ న్యూఢిల్లీలో జరిగిన సందర్భంగా అశోకా హోటలు నిర్మితమైనది. వీటి చరిత్ర సుప్రసిద్ధమే గనుక ఇక్కడ విస్తరించడం అనవసరం. మన ప్రశ్నకు అంతకంటె ముఖ్యమైన సమాధానం ఇచ్చినది 1947.

ఆ సంవత్సరం శరత్కాలంలో ఢిల్లీలోని పురాతన కట్టడాలు ఎవరూ తలచని రీతిగా మళ్ళీ సరాయిలైనవి. పురానా ఖిలాలో, హుమాయూను సమాధిలో, పాకిస్తానుకు పోవడానికై ఎదురుచూచే ముస్లిములు వేల సంఖ్యలో గుడారాల కింద, రాతి కమానుల కింద నిలిచినారు. అటు నుంచి కట్టుబట్టలతో వచ్చిన హిందువులు, సిక్కులు కింగ్స్‌వే శిబిరంలో, బడులలో, ఖాళీ అయిన ఇండ్లలో, రైలు వేదికల మీద చోటు వెదకుకొన్నారు. నగరంలో పుట్టినవాడు బాటసారిగా మారి వెళ్ళిపోతున్నాడు. బాటసారిగా వచ్చినవాడు నివాసి అవుతున్నాడు. 1941లో 9 లక్షల పైచిలుకు ఉన్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటినది. లాజ్‌పత్ నగర్, రాజేంద్ర నగర్, జంగ్‌పురా ఎక్స్‌టెన్షన్, నిజాముద్దీన్ కాలనీలు - ఇవన్నీ ఆ నిరాశ్రయుల కోసం ఏర్పడినవే. చిన్న స్థలాలు, సన్నని ఇండ్లు, తరువాత ఒక అంతస్తు మీద మరొక అంతస్తు.

ఇప్పుడు వర్తమానానికి వద్దాము. 2007లో ఢిల్లీ శాసనసభ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ వసతిగృహాల నమోదు చట్టాన్ని చేసినది. 2010లో జరుగనున్న కామన్‌వెల్త్ క్రీడలకు గదులు చాలవన్న ఆందోళన దీనికి నేపథ్యం. పడక, ఉదయపు ఫలాహారం - పేరులోనే వాగ్దానం ఇంతవరకు అని తేలిపోతుంది. సాధారణ గృహస్థుడు తన ఇంటిలోని కొద్ది గదులను యాత్రికులకు ఇవ్వవచ్చుననీ, కాని తాను కుటుంబంతో ఆ ఇంటనే నివసించవలెననీ ఆ చట్టం చెప్పినది. సదుపాయాలను బట్టి స్వర్ణ, రజత శ్రేణులను ఏర్పరచినది. సరాయికి యజమాని ఉన్నాడు గాని కుటుంబం లేదు. ధర్మశాలకు దాత ఉన్నాడు గాని అతడు కనబడడు. హోటలుకు ఉద్యోగులు ఉన్నారు. అపరిచితునికి పక్కగదిలో పడక వేసి, ఉదయం వంటయింటి బల్ల దగ్గర తానే వడ్డించే గృహస్థు పూర్వం అతిథిధర్మంలో ఉన్నాడు. ఇప్పుడు చట్టంలోకి వచ్చినాడు. ధర్మానికి రుసుము లేదు, చట్టానికి ఉన్నది. ఆ భేదాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయినప్పటికీ గడప ఒకటే.

ఇట్టి వసతిగృహాలు పెద్ద సంఖ్యలో వెలసినది ఎక్కడ? దక్షిణ ఢిల్లీలోని నివాస కాలనీలలో. వాటిలో నిరాశ్రయుల కాలనీలు పెక్కు. నిలువ నీడ లేక వచ్చినవారి పిల్లలు, మనుమలు యాత్రికులకు నీడ ఇస్తున్నారు. అనువాద కార్యశాలల నిమిత్తం ఢిల్లీ వెళ్ళినప్పుడు నేను నిజాముద్దీన్ ఈస్ట్‌లో అట్టి ఒక ఇంట దిగినాను. మూడే గదులు, మేడమీద తులసి కుండీ పక్కన నీళ్ళ ట్యాంకు, తెల్లవారకముందు స్టేషను నుంచి రైలు ప్రకటనలు వినవచ్చేవి. ఉదయం పరాఠాలు, పెరుగు, మామిడి ఊరగాయ పెట్టేవారు. ఇంటి పెద్దావిడకు ఎనభై దాటినవి. రావల్పిండి నుంచి వచ్చేనాటికి ఆమెకు పదేండ్లయినా నిండలేదట. కొడుకు నా ముందు పెట్టిన రిజిస్టరులో ఎక్కడి నుంచి రాక, ఎక్కడికి పోక, ఎన్ని దినాలు అన్న గడులను నేను నింపుతుండగా ఆమె పక్కన కూర్చుని చూస్తూ, పంజాబీ కలిసిన హిందీలో అన్నది: "మేము వచ్చినప్పుడు కూడ ఇట్లాగే రాసుకొన్నారు, బేటా. ఎక్కడికి అన్న గడిలో మా నాన్న ఏమీ రాయించలేకపోయినాడు." నేను కలం ఆపి, "మరి తరువాత, మాతాజీ?" అని అడిగినాను. "తరువాత ఏమున్నది! ఇక్కడనే ఉండిపోయినాము" అని ఆమె నా గ్లాసులో మరికొంత చాయ పోసినది.

ఆ మాటలో ఢిల్లీ చరిత్ర సారాంశం ఉన్నదని నాకు తోచినది. ఢిల్లీలో ఆతిథేయుడు అనగా ముందు వచ్చిన అతిథి. బదాయూఁ నుంచి వచ్చినవాడు గియాస్‌పూర్‌లో అన్నం పెట్టినాడు. ఓరుగల్లు బందీ మంత్రి అయిన కాలంలో బాటసారికి ఏడాది పొడుగునా ఆతిథ్యం దొరికే ఏర్పాటు జరిగినది. మధ్య ఆసియా నుంచి వచ్చిన వంశంలో పుట్టిన జహానారా పారశీక, ఉజ్బెకు వర్తకులకు సరాయి కట్టించినది. రావల్పిండి బాలిక తెలుగువానికి చాయ పోసినది. ఈ వరుసలో ఎవరూ మొదటినుంచీ ఇక్కడివారు కారు. ఎవరి పూర్వులు ముందు వచ్చినారు, ఎవరి పూర్వులు తరువాత వచ్చినారు అన్నంతవరకే భేదం.

ఈ సంగతిని మరచినప్పుడెల్ల నగరం క్రూరంగా ప్రవర్తించినది. 1857 తరువాతి టికెట్టు ఆ మరపు. 1947లో ఇరుగుపొరుగును ఖిలాలోకి తరిమినది కూడ ఆ మరపే. అది గతించినదని చెప్పడానికి వీలు లేదు. గది అద్దెకు అడిగినవాని పేరు వినగానే మతం లెక్కకట్టడం, ముఖం చూచి ఈశాన్య రాష్ట్రాలవాడని తలుపు మూయడం, కూర వాసనను బట్టి కులాన్ని ఊహించడం నేటికీ ఢిల్లీలో, దాని చుట్టూ పెరిగిన గుర్‌గావ్, నోయిడా, ఫరీదాబాదులలో వినవచ్చే ఫిర్యాదులే. మన హైదరాబాదు, విజయవాడలు వీటికి అతీతమని చెప్పుకోలేము. నాటి వార్తాహరుడు వచ్చినవాని వస్త్రాలను, పశువులను రాసుకొన్నాడు. నేటి యజమాని గుర్తింపు కార్డుకు నకలు తీసుకొంటున్నాడు. రాసుకొనడంలో దోషం లేదు. నగరానికి భద్రత అవసరమే. రాసుకొన్న దానిని తలుపు తెరవడానికి ఉపయోగించినారా, మూయడానికి ఉపయోగించినారా అన్నదానినిబట్టి ఒక కాలపు సంస్కారాన్ని నిర్ణయించవలసి ఉంటుంది.

1830-31లో చెన్నపట్టణం నుంచి కాశికి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో ప్రతి మజిలీలోనూ బస ఎట్టిదో, ఏ వస్తువులు దొరుకుతవో శ్రద్ధగా రాసినాడు. వెనుక వచ్చేవారికి ఉపయోగపడవలెనన్నది ఆయన ఉద్దేశం. ఆయన ఢిల్లీ వెళ్ళలేదు. వెళ్ళినట్లయితే బేగం సరాయి అప్పటికి నిలిచియే ఉన్నది. దాని మీద మనకొక తెలుగు వర్ణన దక్కి ఉండేది. ఆ లోటును పూరించగలవారు నేడు చాలమంది ఉన్నారు. జియా సరాయి, బేర్ సరాయి సందులలో, రాజేంద్ర నగర్ మేడగదులలో, పోటీపరీక్షలకు చదువుకొంటూ తెలుగు యువతీయువకులు బస చేస్తున్నారు. వారు నివసించే పల్లెలకు ఆ పేర్లు ఎట్లా వచ్చినవో వారిలో పలువురికి తెలియకపోవచ్చును. వారిలో కొందరు తిరిగి వస్తారు. కొందరు అక్కడనే నిలిచి, రేపు మరొకరికి తలుపు తీయవలసినవారు అవుతారు.